మొగ్గను తిన్నది ఎవరు?



పోయిన వారం మా మాడి మీది మల్లెతొట్ల ఫోటో పెట్టినప్పటినుంచి ఒకటే ప్రశ్న వస్తా ఉంది. "మా ఇంట్లోనూ మొగ్గలు రాలిపోతున్నాయి, ఏం మందు కొట్టాలి?" హోసూరు నుంచి ఒకరు, కోయంబత్తూరు నుంచి ఇద్దరు, యానాం నుంచి ఒక చెల్లెలు అడిగినారు. విడివిడిగా జవాబు రాసే బదులు ఇక్కడే నిదానంగా రాస్తున్నాం. పొడుగే అవుతుంది. మేము రాసింది ఎప్పుడు పొట్టిగా ఉంది గనక!

మేము చదివింది అరవ మీడియం అని మీకందరికీ తెలిసిందే. తెలుగు అక్షరాలు రిటైరైనాక, మనవరాలి పక్కన కూర్చుని దిద్దుకున్నవి. అందుకని పురుగుల పేర్లు కూడా మాకు ముందు అరవంలోనే వచ్చు. మావుపూచ్చి, అసువిణి, ఇలైప్పేన్, మొట్టుప్పుళు. గుంటూరు వైపున్న వియ్యంకుడిగారిని అడిగితే ఆయన ఒక్కొక్కదానికీ తెలుగు పేరు చెప్పినారు. మావుపూచ్చి పిండినల్లి, అసువిణి పేనుబంక, ఇలైప్పేన్ తామర పురుగు. పేనుబంక అనే మాట విని మా అమ్మ చాలాసేపు నవ్వింది. "పేనూ బంకా రెండూ మన ఇంటి మాటలే కదయ్యా, కలిపి చెప్పేవాళ్లు లేక ఇన్నాళ్లూ అరవం పేరుతో తిట్టినాం" అన్నది.

సరే, విషయానికి వస్తాం. మందు ఏమిటి అని అడిగేముందు తిన్నది ఎవరు అని అడగాలి. గూడ్స్ షెడ్డులో ముప్పై ఏళ్లు లెక్కలు రాసిన వాళ్లం, మాకు ఆ అలవాటు పోదు. వాగన్‌లో మూటలు తక్కువ వస్తే ముందు చూసేది సీలు. సీలు బాగుందా, తెగిందా? గోతం కత్తితో కోసినట్టు ఉందా, ఎలుక కొరికినట్టు ఉందా, నేలచెక్క సందులోంచి కారిందా, వానకు తడిసి చివికిందా? ఎలుక కొరికిన చిల్లి అంచు ఒకరకం, కత్తి కోసిన అంచు ఇంకొకరకం. అది తెలియని గుమాస్తా రిపోర్టు రాస్తే క్లెయిమ్ ఆఫీసువాళ్లు తిప్పి పంపేస్తారు. పువ్వుకూ అంతే. రేకు అంచు కొరికిందా, నడుమ చిల్లి పెట్టిందా, రసం పీల్చిందా, రాత్రి వచ్చిందా, పగలు వచ్చిందా? ఇవి చూడకుండా అంగడికి పోతే అంగడివాడు ఏ సీసా ఎక్కువ మిగిలి ఉందో అదే ఇస్తాడు.

ముందు మల్లె సంగతి. మిగతావి తరువాత కొంచెం కొంచెం చెప్తాం.

మా గుండుమల్లె అంటు పొన్మలై క్వార్టర్స్ నుంచి వచ్చింది. నాయన అక్కడ నేలలో పెట్టిన తీగ. మేము ఇల్లు కట్టుకుని వచ్చేటప్పుడు అమ్మ నాలుగు కొమ్మలు కోసి తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. ఇప్పుడు పదకొండు తొట్లు అయినాయి. అమ్మకు ఎనభయ్యారేళ్లు. ఒక కన్ను సుమారుగా కనిపిస్తుంది, ఇంకొకటి వెలుతురు మాత్రమే. మెట్లు ఎక్కలేదు. సాయంత్రం నాలుగింటికి మొగ్గలు కోసి పళ్లెంలో పోసి కిందికి తెచ్చి ఇస్తాం. అరటినార తడిపి, కొస పళ్లతో పట్టుకుని, చూడకుండానే కట్టేస్తుంది. తొడిమ ఏ పక్క ఉందో వేళ్లకే తెలుసు. ఆ గంటసేపు ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు. కట్టినాక ఒక మూర దేవుడికి, ఒక మూర కోడలికి, మిగిలింది ఎదురింటి పిల్లకు. టీవీ ఆమెకు కనిపించదు, చదవలేదు, వంటింట్లోకి మేమే పోనివ్వం. ఆ పళ్లెం ఒక్కటే ఆమె ఉద్యోగం.

పోయిన ఏడాది చిత్తిరై నెలలో పళ్లెం ఖాళీ అయింది. చెట్టు నిండా మొగ్గలే, కోయబోతే సగం ఊదారంగు తిరిగి ఉన్నాయి. ముట్టుకుంటే రాలిపోతున్నాయి. తిరుచ్చి ఎండ కదా, ఎండదెబ్బ అని ఇరుగుపొరుగు చెప్పినారు. ఎండదెబ్బకు మొగ్గ వాడుతుంది, ఆకు అంచు మాడుతుంది. ఊదారంగు తిరగడం వేరే కథ.

గుండుసూది తీసుకుని తెల్లకాగితం మీద ఇరవై మొగ్గలు చీల్చి చూసినాం. మీరూ ఇదే చేయండి, ఒక్క పైసా ఖర్చు లేదు. మాకు రెండు రకాల దొంగలు దొరికినారు.

ఒకటి మొగ్గ తొలిచే పురుగు. మొగ్గ పక్కన గుండ్రంగా చిన్న చిల్లి, చిల్లి దగ్గర పొడిపొడిగా రెట్ట. లోపల పచ్చగా, నల్లతల ఉన్న పురుగు ఒక్కటి. లోపలి భాగమంతా తినేసి పక్క మొగ్గలోకి పోతుంది, గుత్తిలో మొగ్గల్ని సాలెగూటి దారంలాంటి దానితో కలిపి కుట్టేస్తుంది కూడా. దీని తల్లి చిన్న తెల్లటి రెక్కపురుగు.

రెండోది మొగ్గ ఈగ. దోమకన్నా చిన్నది, కంటికి ఆనదు. దీని పని పట్టిన మొగ్గకు పక్కన చిల్లి ఉండదు. అడుగు భాగం, అంటే తొడిమ దగ్గర, ఉబ్బి గులాబి ఊదా మధ్యరంగు తిరుగుతుంది. మొగ్గ పెరగదు, పొట్టిగా ఉండి ఎండి రాలుతుంది. చీల్చితే అడుగున తెల్లగా పసుపుపచ్చగా నూగుగింజలో పావు వంతు ఉన్న పిల్లపురుగులు, ఒక్కటి కాదు, కొన్ని.

రెండింటికీ ఒక పోలిక ఉంది, మాకు పనికొచ్చింది అదే. రెండూ తినడం ముగించినాక మట్టిలోకి దిగి అక్కడే గూడు కట్టుకుని రెక్కలతో బయటికి వస్తాయి. అంటే పైన కనిపించేది రైలు మాత్రమే, షెడ్డు తొట్టిలోని మట్టి. పైన ఎంత కొట్టినా మట్టిని వదిలిపెడితే మూడు నాలుగు వారాల్లో మళ్లీ కొత్త బండి బయలుదేరుతుంది. ఇంకొకటి, పురుగు మొగ్గ లోపల ఉంది. మిరపకాయ, వెల్లుల్లి, అల్లం నూరి వడగట్టిన నీళ్లు మన సంఘంలో చాలామంది కొడతారు. ఆకు మీద పాకే పేనుబంకకు అది కొంచెం పనిచేస్తుంది. మొగ్గ లోపల కూర్చున్నవాడికి వాసన కూడా తగలదు. ఘాటు ఎక్కువైతే లేతమొగ్గే మాడుతుంది.

ఇక్కడ ఇంట్లో గొడవ వచ్చింది. మా పెద్దవాడు అవ్వ బాధ చూడలేక ఒక సీసా తెచ్చినాడు. అట్టమీద ఎర్ర త్రికోణం. మోనోక్రోటోఫాస్. "లీటరుకి రెండు మిల్లీ, అంతే నాయనా. పూలతోటలవాళ్లంతా ఇదే కొడతారు, వారంలో సరిపోతుంది" అన్నాడు. వాడు చెప్పింది అబద్ధం కాదు, తోటల్లో కొడతారు. అయితే ఆ మందును కూరగాయల మీద కొట్టకూడదని 2005 నుంచీ నిషేధం ఉంది. పువ్వు కూరగాయ కాదు కదా అని వాడి వాదం.

మా ఇంటావిడ ఒక్క మాట అడిగింది. "మీ అవ్వ నార కొస ఎక్కడ పెట్టుకుంటుంది?"

వాడు మాట్లాడలేదు. అమ్మకు అంతా వినిపించింది. సీసాను చేతికి ఇమ్మన్నది, మూత విప్పనివ్వలేదు, తడిమి చూసింది. "పురుగు తిన్న పువ్వు పోతే పోయింది. ఇది తిన్న పువ్వును నా చేత్తో ఆ పసిదాని జడలో ఎట్లా పెడతానయ్యా?" అన్నది. పసిది అంటే మా మనవరాలు, వాడి కూతురే. సీలు విప్పని సీసా గనక పొలం ఉన్న స్నేహితుడికి ఇచ్చేసినాడు. రెండు రోజులు మాతో సరిగా మాట్లాడలేదు. వాడి తప్పేం లేదు, అవ్వ పళ్లెం నిండాలని తెచ్చినాడు.

తరువాత మేము చేసింది రాస్తున్నాం. రోజూ ఉదయం ఊదారంగు మొగ్గలన్నీ, రాలినవీ చెట్టుమీదవీ, ఏరి సబ్బునీళ్ల డబ్బాలో వేసినాం. చెత్తబుట్టలో వేయకండి, అక్కడినుంచి పాకి వస్తాయి. తొట్లలో పై అంగుళం మట్టి గీరి తీసి, నల్ల ప్లాస్టిక్ షీటు మీద పలచగా పరిచి వారం ఎండబెట్టినాం. చిత్తిరై ఎండకు మాడిమీద కాలు పెట్టలేం, ఇక మట్టిలోని గూడు ఏం మిగులుతుంది? దాని బదులు కొత్త మట్టి, తొట్టికి రెండు పిడికిళ్ల వేపపిండి కలిపి పోసినాం. వేపపిండి అంటే నూనె తీసినాక మిగిలే చెక్క, అరవంలో వేప్పంపుణ్ణాక్కు. పదిహేను రోజులకొకసారి పైమట్టి గీరి గాలాడనిచ్చినాం.

పైన కొట్టడానికి వేపగింజల కషాయం. లీటరు నీళ్లకు 50 గ్రాముల వేపపప్పు పొడి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టి, పొద్దున పిండి వడగట్టి, అంట్ల సబ్బు ద్రవం నాలుగు చుక్కలు. వేపగింజలు దొరకనివాళ్లు వేపనూనె లీటరుకి 5 మిల్లీ, సబ్బు కొంచెం ఎక్కువ, లేకపోతే నూనె నీళ్లమీద తేలుతుంది. సాయంత్రం మొగ్గలు కోసినాక, తేనెటీగలు పోయినాక కొట్టాలి. ఎండలో కొడితే ఆకు కాలుతుంది. వారానికొకసారి, అయిదారు వారాలు. లోపల ఉన్న పురుగును ఇది చంపదు. కొత్తగా గుడ్డు పెట్టడానికి వచ్చేదాన్ని తరిమేస్తుంది, గుడ్డులోంచి అప్పుడే వచ్చినదాన్ని తిననివ్వదు. అందుకే నిదానం.

మరుసటి రోజు పూలకు వేప వాసన వస్తుందని మా ఇంటావిడ సణిగింది. "మారియమ్మ తల్లికి వేపాకే కదా ఇష్టం, ఆమె ఏమీ అనుకోదులే" అని అమ్మ.

రిజిస్టరు పెట్టినాం. నవ్వకండి. తారీకు, కోసిన మొగ్గలు, మంచివి, చెడ్డవి. మొదటి రోజు 130 కోస్తే మంచివి 46. నెలకు చెడ్డవి మూడోవంతుకు తగ్గినాయి. వైగాసి దాటేటప్పటికి నూటికి పదో పన్నెండో. ఒక్కటీ లేకుండా ఎన్నడూ పోలేదు, పోతుందని మేము చెప్పం.

అయినా ఆ వేసవి పోయినట్టే. అయిప్పసి వానల్లో ఒకరోజు అమ్మ అడిగింది, "మాసికి పూలుంటాయా?" సమయపురం పూచ్చొరియల్‌కి, మాసి నెల ఆఖరి ఆదివారం, మా ఇంటినుంచి ఒక తట్ట పూలు పోతాయి. పొన్మలైలో ఉన్ననాటినుంచీ పోతున్నాయి. అంగట్లో కొని పంపవచ్చు, అందరూ అదే చేస్తారు. అమ్మ ఆ మాటే ఎత్తనివ్వదు. ఆమె అడిగిన తీరులో ఇంకొకటి ఉంది, అది మాకు అర్థమైంది. వచ్చే మాసికి ఆమె వేళ్లు ఎట్లా ఉంటాయో ఎవరికి తెలుసు.

కార్తిగై నెల, నవంబరు ఆఖరి వారం, పదకొండు తొట్లనూ మోకాలెత్తుకు కత్తిరించినాం. మల్లెకు మన వైపు అదే సమయం. ఆకు దూసి, కొమ్మలు దూరంగా తీసి పారేసి, మళ్లీ పైమట్టి మార్చి, ఎరువూ వేపపిండీ వేసినాం. మొండి కొమ్మల్ని చూసి ఎదురింటివాళ్లు చెట్లు చచ్చినాయనుకున్నారు. తై నెలలో చిగురు, మాసి నడుమ మొగ్గ. ఆ ఆదివారానికి తట్ట నిండలేదు. ముక్కాలు తట్ట. ఆ ముక్కాలూ అమ్మే కట్టింది, శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టి రాత్రి తొమ్మిదిన్నర దాకా. నడుమ రెండుసార్లు చేతులు వేడినీళ్లలో పెట్టుకుంది. మా పెద్దవాడు తట్ట నెత్తిన పెట్టుకుని బస్సెక్కినాడు.

ఇక మిగతావాళ్ల సంగతి.

మందారం మీద తెల్లగా దూదిలాగా కనిపిస్తే పిండినల్లి. ముందు చీమలను చూడండి. చీమ దాని తియ్యని రసం కోసం దాన్ని మోసుకుని తిప్పుతుంది, కాపలా కాస్తుంది. చీమల దారి తెంచకుండా పిండినల్లిని కడగడం గార్డును వదిలేసి టికెట్ లేనివాడిని పట్టుకోవడం. తొట్టిని నీళ్లపళ్లెంలో ఇటుక మీద పెట్టండి. తరువాత పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి, మిగిలినవాటిని సబ్బునీళ్ల బ్రష్షుతో తోమండి. పాత పళ్ల బ్రష్షు చాలు. ఒక జాగ్రత్త. పిండినల్లి గుంపులో కొంచెం పెద్దదిగా, తెల్ల కుచ్చులతో, చకచక పరిగెత్తేది ఒకటి కనిపిస్తే దాన్ని చంపకండి. అది పిండినల్లిని తినే ఒక రకం అక్షింతల పురుగు పిల్ల, వేషం మాత్రం దొంగదే. పిండినల్లి పరిగెత్తదు, అదే గుర్తు.

కోయంబత్తూరు వాళ్లకు జ్ఞాపకం ఉంటుంది, 2008లో బొప్పాయి పిండినల్లి వచ్చి బొప్పాయి, మల్బరీ, మందారం, దేన్నీ వదలలేదు. మందులకు లొంగలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి కంటికి ఆనని చిన్న కందిరీగలు తెప్పించి వదిలినారు. అవి పిండినల్లి ఒంట్లోనే గుడ్డు పెడతాయి. ఏడాది తిరిగేలోపల అదుపులోకి వచ్చింది. ఇంటి తొట్లమీద గట్టి మందు కొడితే ముందు చచ్చేది ఆ కందిరీగలే.

మందారం రేకులు పగటిపూట ఎవరో కత్తెరేసినట్టు పోతే, నలుపు మీద నారింజరంగు పట్టీలున్న పురుగు పూవులో కూర్చుని ఉంటుంది. వానలు పడినాక వస్తుంది. చూడ్డానికి అందంగా ఉంటుంది, పిల్లలు పట్టుకుంటారు. పట్టుకోనివ్వకండి. నలిపితే దాని రసం తగిలిన చోట బొబ్బలు లేస్తాయి. చేతికి గ్లవుజు వేసుకుని, పొద్దున్నే అది మందంగా ఉన్నప్పుడు, పువ్వును సబ్బునీళ్ల గిన్నెలోకి విదిలించండి. దీని పిల్లలు మట్టిలో మిడతగుడ్లు తింటాయట. అందుకని రెండు మూడు ఉంటే మేము చూసీ చూడనట్టు పోతాం.

రోజా రేకుల అంచు గోధుమరంగు తిరిగి మొగ్గ సరిగా విచ్చకపోతే తామర పురుగు. మొగ్గను తెల్లకాగితం మీద తట్టండి, నలకలు పాకితే అదే. మేము పాత ఫారాల వెనుకవైపు వాడతాం. ఆ మొగ్గలు తుంచి పారేయడం, వేపనూనె, నీలం రంగు జిగురు అట్టలు. హోసూరు వైపు రోజాతోటలున్న మనవాళ్లకు మాకన్నా ఎక్కువ తెలుసు, వాళ్లే కింద రాయాలి. రేకులు రాత్రిపూట చిరుగులు చిరుగులుగా పోతే టార్చి తీసుకుని తొమ్మిదింటికి మాడి ఎక్కండి, పెంకు పురుగులు దొరుకుతాయి.

సామంతి, బంతి మొగ్గలు తినేది ఎక్కువగా లద్దెపురుగు. పగలు ఎంత వెతికినా దొరకదు, తొట్టి కిందో మట్టిలోనో పడుకుని ఉంటుంది. ఆకుమీద నల్లమిరియాల మాదిరి రెట్ట కనిపిస్తే ఆ తొట్టిని ఎత్తి చూడండి. ఆకు అడుగున గోధుమరంగు నూగు కప్పిన గుడ్ల ముద్ద దొరికితే ఆ ఆకు ఒక్కటి తుంచితే చాలు, వందలు పోయినట్టే.

వానాకాలం నత్త. బొటనవేలంత లావు శంఖంతో వచ్చే ఆ నత్త మన ఊరిది కాదు, ఆఫ్రికాది. 1847లో మారిషస్ నుంచి కలకత్తాకు ఒక దొర తెచ్చి వదిలినాడు, అక్కడినుంచి బయలుదేరింది. రాత్రి తడిగోతం పరిచి దానికింద బొప్పాయి ఆకులు పెడితే తెల్లవారేసరికి అక్కడ చేరుతుంది. ఉత్తచేత్తో తీయకండి, దానిలో రోగం పుట్టించే సూక్ష్మమైన పురుగులు ఉండవచ్చు. ఉప్పునీళ్ల బకెట్లో వేయండి. ఉప్పు మాత్రం తొట్టిలో చల్లకండి, నత్తతోపాటు చెట్టూ పోతుంది.

ఉడతకు మేము ఏమీ చేయలేదు. రోజుకు రెండు మందారమొగ్గలు దాని కోటా.

నందివర్ధనం ఆకులు తినే లావుపాటి పచ్చపురుగు, మెడ దగ్గర నీలం కళ్లున్నట్టు మచ్చలు, దాన్ని చూసి మా మనవరాలు అరిచింది. అది గన్నేరు జాతి చెట్లమీద పెరిగే పెద్ద రెక్కపురుగు పిల్ల. నాలుగు కొమ్మలు మోడు అవుతాయి, తరువాత చిగురిస్తాయి. ఒకదాన్ని అట్టపెట్టెలో ఆకులతో పెట్టి గుడ్డ కప్పినాం. పదిహేను రోజులకు పైగా పట్టింది, ఒక రాత్రి పాచిరంగు పట్టుచీరలాంటి రెక్కలతో బయటికి వచ్చింది. పిల్ల దాన్ని వాళ్ల ముత్తవ్వ చేతిమీద పెట్టించింది. అమ్మ కదలకుండా కూర్చుని, అది ఎగిరిపోయేదాకా దాని బరువు చెప్తా ఉంది.

ఫోటో పెట్టేవాళ్లు దయచేసి పువ్వు ఫోటో ఒక్కటే పెట్టకండి. ఆకు అడుగు, చీల్చిన మొగ్గ లోపల, తొట్టి మట్టి, మూడూ పెట్టండి. చూసిన సమయం రాయండి.

కడపట ఒక సందేహం. మొగ్గ ఈగకు వియ్యంకుడిగారు కూడా ఇంటిపేరు చెప్పలేకపోయినారు. మహారాష్ట్రలో, ఒడిశాలో ఉన్న మనవాళ్ల ఇళ్లల్లో పెద్దవాళ్లు దాన్ని ఏమని పిలుస్తారో అడిగి రాయండి. అమ్మ రోజూ అడుగుతా ఉంది.